బాపు చెవి మిషను, గుడి ముందు బోర్డు

మా ఇంట్లో అమ్మ, బాపు కొట్లాడుకుంటే పక్కింటివాళ్ళకు చప్పుడు వినిపించేది కాదు. కాశిబుగ్గలో గోడకు గోడ ఆనుకొని ఉన్న ఇళ్ళు మావి. ఎవరింట్లో ఏ కూర మాడిందో వీధంతటికీ తెలిసే చోటు. అయినా మా ఇంటికి మాత్రం మంచి పేరు. "ఆలుమగలంటే గట్లుండాలె, ఒక్క మాట బయటికి రాదు" అని వీధిలో ఆడవాళ్ళు మమ్మల్ని చూపించి తమ మొగుళ్ళను దెప్పేవారు. లోపలి సంగతి నాకు తెలుసు. వంటింటి గడపలో అమ్మ, నులకమంచం మీద బాపు, ఇద్దరూ పెదవులు పెద్దగా కదుపుతూ, చేతులు ఆడిస్తూ, గొంతులోంచి ఒక్క పలుకు రాకుండా ఒకరినొకరు కడిగిపారేసేవారు.

బాపు మిల్లులో సాంచెలు నడిపేవాడు. కరెంటుతో ఆడే మగ్గాలను మావైపు సాంచెలు అంటారు. షెడ్డు నిండా అవన్నీ ఒక్కసారే ఆడుతుంటే పక్కన నిలబడ్డ మనిషి గొంతు చించుకున్నా వినపడదు. అందుకని ఆ షెడ్డులో పనిచేసేవాళ్ళు అరవడం మానేసి పెదవులతో మాట్లాడుకోవడం నేర్చుకున్నారు. ఒక్కో మాటను సాగదీసి, నోరంతా తెరిచి పలుకుతారు, చప్పుడు మాత్రం ఉండదు. చూసేవాళ్ళు ఆ నోటిని చూసే మాటను పట్టుకుంటారు. షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకు మేస్త్రీ మీద జోకులు వేసుకునేవాళ్ళమని బాపు చెప్పేవాడు. మేస్త్రీ మధ్యలోనే తిరుగుతుండేవాడట.

ఆ చప్పుడులో ఏళ్ళకేళ్ళు నిలబడితే చెవులు మిగలవు. బాపుకు పెళ్ళినాటికే సగం పోయాయి. నేను బడికి పోయేనాటికి మిగతా సగమూ పోయింది.

అమ్మ మిల్లు గేటు దాటి ఎరగదు. అయినా ఆ పెదవుల మాట బాపుకంటే బాగా నేర్చింది. ఇంటికి ఎవరొచ్చి ఏం మాట్లాడినా, బాపుకు కనబడేటట్టు ఏదో ఒక మూలన నిలబడి అదే మాటను చప్పుడు లేకుండా మళ్ళీ పలికేది. బాపు టక్కున జవాబు చెప్పేవాడు. వచ్చినవాళ్ళు బాపునే చూస్తారు గాని, మూలన నిలబడ్డ ఆడమనిషి పెదవులను ఎవరు చూస్తారు? ఆయనకు వినపడదన్న సంగతి మా చుట్టాల్లోనే సగం మందికి తెలియదు. తెలియనివ్వకూడదన్నది అమ్మ పట్టుదల. పట్టుదలగా మొదలైనది రాను రాను అలవాటైపోయింది. తాను అలా చేస్తున్నానన్న ధ్యాస కూడా ఆమెకు ఉండేది కాదు. ఇది గుర్తు పెట్టుకోండి, మా కొంప ముంచింది ఇదే.

ఎనభైల మొదట్లో నాకు హనుమకొండలో టీచరు ఉద్యోగం వచ్చింది. చేతిలో జీతం పడగానే బాపును హైదరాబాదు దవాఖానకు తీసుకుపోయాను. వాళ్ళు పరీక్షలు చేసి ఒక మిషను ఇచ్చారు. సిగరెట్ పెట్టెంత డబ్బా, దాన్నుంచి ఒక సన్నని వైరు, వైరు చివర చెవిలో పెట్టుకునే బిరడా. డబ్బాను చొక్కా జేబులో వేసుకోవాలి. పక్కనున్న చిన్న చక్రం తిప్పితే చప్పుడు పెరుగుతుంది, తగ్గుతుంది.

బాపు మొదటి రోజు చాలా నిరాశ పడ్డాడు. గిన్నెలు, పక్కవాళ్ళ కుక్క, చీపురు, తన చొక్కా తనకే రాసుకునే గరగర, అన్నీ ఒకటే మోతగా మీద పడ్డాయి. "లోకంల గింత లొల్లి ఉన్నదా? మిల్లే నయం" అన్నాడు. మెల్లగా ఒక్కొక్క చప్పుడును విడదీసుకోవడం నేర్చుకున్నాడు. నా గొంతు విని "నువ్వు మీ మేనత్త తీర్గ మాట్లాడుతానవ్ బిడ్డా" అన్నాడు. ఆ మాటకు నేను ఏడ్చాను. నాకు కోపం ఎంత తొందరగా వస్తుందో ఏడుపూ అంతే తొందరగా వస్తుంది.

అమ్మకు ఆ మిషను అంటే దేవుడి మీద ఉన్నంత భయభక్తులు. వైరు తెగుతుందని, డబ్బా పడిపోతుందని ఒకటే ఫికరు. ఇంట్లో పాడైపోయిన పాత ట్రాన్సిస్టర్ ఒకటి ఉండేది. దాని తోలు సంచీ మాత్రం నిక్షేపంగా ఉంది. అమ్మ దాన్ని చెప్పులు కుట్టే అతని దగ్గరికి తీసుకుపోయి, కోయించి, చిన్నగా కుట్టించి, మెడలో వేసుకునే పట్టీ పెట్టించింది. ముందువైపు చప్పుడు రావడానికి ఉండే చిన్న చిన్న రంధ్రాలు కూడా అలాగే ఉన్నాయి. మిషను అందులో చక్కగా అమరింది. బాపు అది మెడలో వేసుకుని బజారుకు బయలుదేరితే దుకాణాల వాళ్ళు "అన్నా, వార్తలేం చెప్తాండ్రు?" అని అడిగేవారు. బాపు నవ్వి "వానలు పడ్తయట" అనేవాడు.

ఒక రోజు అన్నం తింటూ బాపు ఉన్నట్టుండి అమ్మతో అన్నాడు: "ఆ గుళ్ళె రాయి చప్పుడు నాకు ఇనబడలేదే అప్పుడు."

ఏ గుడో, ఏ రాయో మా ఇంట్లో ఎవరికీ చెప్పనక్కర లేదు. కాకతీయుల నాటి గుళ్ళు మావైపు ఎన్నో ఉన్నాయి. అందులో ఒకటి అనుకోండి, పేరు రాయను. అప్పుడు అక్కడ పనిచేసినవాళ్ళు ఇప్పుడు పింఛను తీసుకుంటూ మనవలను ఆడిస్తుంటారు, వాళ్ళను నేనెందుకు రచ్చకీడవాలి? ఆ గుడి లోపలి మండపంలో ఒక మూల స్తంభానికి సన్నని రాతి కడ్డీలు చెక్కి ఉంటాయి. గోటితో తడితే మోగుతాయి. పెళ్ళైన కొత్తలో మిల్లు వాళ్ళంతా లారీ మాట్లాడుకొని అక్కడికి వనభోజనానికి పోయారు. అమ్మ ఆ కడ్డీని తట్టి, విని, వెనక్కి తిరిగి "ఇనబడ్డదా?" అని బాపును అడిగిందట. బాపు "ఇనబడ్డది" అన్నాడు. కొత్త పెళ్ళాం ముందు ఇంకేం అంటాడు?

ఆ చప్పుడు గురించి అమ్మ మాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. "గది రాయి చప్పుడు కాదే బిడ్డా. లోపల ఎవరో ఉండి పలికినట్టుంటది. మొదలు సన్నగొస్తది, అటెన్క సాగుతది. సాగి సాగి ఏడ ఆగిందో తెల్వది." ఆమె జీవితంలో చూసిన వింతలు తక్కువ. ఉన్నవాటిలో అది పెద్దది. దాన్ని తనతో కలిసి విన్న మనిషి బాపు ఒక్కడే అన్నట్టుగా చెప్పేది.

ఇప్పుడు బాపు అసలు సంగతి బయటపెట్టాడు. అమ్మ అన్నం కలుపుతూనే "నాకెరుకే" అన్నది. ఇంకో ముద్ద కలుపుకుంటూ, "మొకం చూస్తే తెల్వదా?" అన్నది.

బాపు ముద్ద చేతిలోనే పెట్టుకుని ఆమెను చూస్తూ ఉండిపోయాడు. ఆ ఆదివారమే పోదామని ఆయనే అన్నాడు. ఆ చప్పుడు వినాలి, నువ్వు విన్నదేందో నేను వినాలి అన్నాడు. తన కోసం ఫలానాది కావాలని బాపు నోరు తెరిచి అడగడం నేను చూడటం అదే మొదలు.

బస్సు దిగి నడిచి గుడి దగ్గరికి చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. ప్రహరీ గేటు పక్కన కాపలాదారు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అతని వెనక బోర్డు. దాని మీద పాత రాతలను కొత్త రంగుతో మళ్ళీ మళ్ళీ దిద్దారు గాని, మాటలు ఏ కాలంలోవో మారలేదు. లోపలికి ఏనుగులను, ఒంటెలను తోలరాదు. గ్రామఫోను, రేడియో మొదలగు ధ్వని యంత్రములను లోపల వినుట గాని, వినిపించుట గాని నిషిద్ధము. నేను ఏనుగుల దగ్గర నవ్వుతూ ఉండగానే కాపలాదారు లేచాడు.

"పెద్దయ్యా, జర ఆగు. ట్రాన్సిస్టర్ లోపలికి తీస్కపోవద్దు. గీడ పెట్టి పో."

"అది ట్రాన్సిస్టర్ కాదన్నా, చెవి మిషను. ఆయనకు ఇనబడదు" అన్నాను.

"చెవిల పెట్టుకొని ఇనేదే గదక్కా ట్రాన్సిస్టర్ గూడ. మొన్న కాలేజీ పోరగాండ్లు గిట్లనే చెవిల వైరు పెట్టుకొని క్రికెట్ ఇనుకుంట పోయిన్రు. అటెన్క సారు నన్ను కొట్టుడొక్కటే తక్కువ. నా నౌకరి పోతది. సారుతోటి మాట్లాడుకోండ్రి."

తోలు సంచీ, దాని ముందున్న రంధ్రాలు, మెడలో పట్టీ, చెవిలోకి వైరు. అతన్ని తప్పు పట్టడానికి లేదు. అమ్మ తన చేత్తో దాన్ని ట్రాన్సిస్టర్‌గా తయారు చేసి పెట్టింది.

సారంటే పురావస్తు శాఖ ఆఫీసరు, అతని గది గేటు పక్కనే ఉంది. అవతలి జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, బహుశా నాకంటే ఓ పదేళ్ళు పెద్ద. మర్యాదగానే కూర్చోమన్నాడు. మిషనును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి "ఇదేమిటండీ?" అని అడిగాడు.

టీచరును కదా, నా నోటికి శుద్ధమైన తెలుగు వచ్చింది. "వినే యంత్రం సార్" అన్నాను.

"అదేనమ్మా బోర్డు మీద ఉన్నది కూడా. వినుట గాని, వినిపించుట గాని."

"ఇందులో స్టేషన్లు రావు సార్. మనుషుల మాటలు వినపడతాయి, అంతే. మీరే చెవిలో పెట్టుకొని చూడండి."

అతను బిరడాను చూసి ముఖం చిట్లించాడు. "ఇంకొకరి చెవిలోది నేనెందుకు పెట్టుకుంటానమ్మా" అన్నాడు. అదీ నిజమే. తర్వాత కొంచెం ఆలోచించి, "వారికి నిజంగా వినపడకపోతే నాకేం అభ్యంతరం లేదు, పంపిస్తాను. ఇది లేకుండా ఒకసారి మాట్లాడి చూస్తాను" అన్నాడు.

నాకు హాయనిపించింది. ఇంతకంటే న్యాయమైన మనిషి ఎక్కడ దొరుకుతాడు?

మిషను బల్ల మీద పెట్టించి, అతను బాపు ముఖంలోకి చూసి, "మీది ఏ ఊరండీ?" అన్నాడు.

"వరంగల్, కాశిబుగ్గ" అన్నాడు బాపు.

"ఏం చేస్తుంటారు?"

"మిల్లుల సాంచె నడిపిస్త సారు."

అతను నావైపు తిరిగాడు. "బాగానే వినపడుతోందిగా!"

మిల్లులో వాళ్ళు పెదవులు చూసి మాట పట్టుకుంటారని, ఎదురుగా నిలబడి అడిగితే బాపుకు అన్నీ తెలుస్తాయని చెప్పాను. నోరు కనపడకుండా అడగమన్నాను. అతనికి కూడా ఇది కొంచెం సరదాగా అనిపించినట్టుంది. కుర్చీ తిప్పుకొని గోడవైపు ముఖం పెట్టాడు. "మీరు బస్సులో వచ్చారా, జీపులో వచ్చారా?" అని గోడను అడిగాడు.

"బస్సుల వచ్చినం సారు. నడుమల టైరు పంచరైంది" అన్నాడు బాపు.

నేను వెనక్కి తిరిగి చూశాను. కిటికీ దగ్గర నిలబడ్డ అమ్మ పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. నా చూపు తగలగానే ఆమెకు స్పృహ వచ్చింది. కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కళ్ళలో కనిపించిన బెదురును నేను ఎప్పటికీ మరిచిపోను. పెళ్ళైన నాటి నుంచి ఎవరి ముందూ ఆయన చిన్నబోకుండా కాపాడుతూ వచ్చింది. ఒక్కసారి, ఒక్క నిమిషం చిన్నబోనిస్తే చాలిన చోట కూడా అలవాటుగా కాపాడేసింది.

"మా అమ్మ చెప్పింది సార్" అన్నాను.

"నాకు ఆమె గొంతు వినపడలేదే!"

"గొంతుతో కాదు సార్."

"గొంతు లేకుండా ఆమె చెబితే, చెవులు లేకుండా ఈయన విన్నారా?" అతను వెటకారంగా అనలేదు. నిజంగానే అర్థం కాక అన్నాడు. సాంచెల షెడ్డు చూడని మనిషికి ఆ సంగతి ఎలా నమ్మించాలో నాకూ అర్థం కాలేదు. ఇంకోసారి అడగండి అన్నాను. వద్దమ్మా, లోపల చూసిరండి, వస్తువు ఎక్కడికీ పోదు అని మిషనును సొరుగులో పెట్టి, ఇత్తడి బిళ్ళ ఒకటి బాపు చేతికి ఇచ్చాడు. నేను నోటికొచ్చింది అన్నాను. బయట కాపలాదారుకు కూడా వినపడేంత గట్టిగానే అన్నాను. బాపు నా చేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు.

లోపలికి పోయాం. మండపంలో ఆ స్తంభం దగ్గర ముగ్గురమూ నిలబడ్డాం. "కొట్టు" అన్నాడు బాపు. అమ్మ తల అడ్డంగా ఊపింది. "నాకు ఇనబడకుంటేంది, బిడ్డకు ఇనబడ్తది గదా, కొట్టు" అన్నాడు. ఊహూఁ. నేను చేయి చాపితే అమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఈసారి గొంతుతోనే అన్నది: "వద్దు. ఆయిన ఇన్ననాడే అందరం ఇందాం."

ఇత్తడి బిళ్ళ ఇచ్చి మిషను తీసుకొని తిరిగొచ్చాం. బస్సులో అమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. బాపు ఆమె మోచేతిని పొడిచి పెదవులతో ఏవో పరాచికాలు ఆడాడు. ఆమె చూడలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఇంటికి ఎవరొచ్చినా బాపుకు మాట అందించడం మానేసింది. మూలన నిలబడి, పెదవులు బిగించుకొని ఉండేది. మిషను ఉన్నా నలుగురు ఒక్కసారి మాట్లాడితే బాపుకు అందేది కాదు. చివరికి ఆయనే కోప్పడ్డాడు. "నువ్వు చెప్పకుంటే ఎవరు చెప్తరే నాకు?" అన్నాడు. అప్పుడు మళ్ళీ మొదలుపెట్టింది.

నేను మాత్రం ఊరుకోలేదు. ఆ శాఖ వాళ్ళ పెద్ద ఆఫీసుకు అర్జీ పెట్టాను. నా తండ్రి వాడేది శ్రవణ యంత్రమని, దాన్ని నిబంధన నుంచి మినహాయించాలని రాశాను. చాలాకాలానికి జవాబు వచ్చింది. రేడియో వగైరా యంత్రాల విషయంలో లైసెన్సు వివరాలు జతపరిస్తే పరిశీలించబడునని. ఆ రోజుల్లో రేడియోకు లైసెన్సు ఉండేది, పోస్టాఫీసులో కట్టాలి. పోస్టాఫీసుకు పోయాను. కౌంటరులో ఉన్నాయన మిషనును చూసి "ఇండ్ల ఏ స్టేషన్ వస్తది మేడం?" అన్నాడు. ఏదీ రాదన్నాను. "రాకపోతే లైసెన్స్ దేనికి? ఇది రేడియో కాదు" అన్నాడు. ఆ మాటే కాగితం మీద రాసివ్వమన్నాను. రేడియో కానివాటి గురించి రాసిచ్చే అధికారం తనకు లేదన్నాడు. రేడియో అని ఒప్పుకుంటే తప్ప అది రేడియో కాదని చెప్పేవాళ్ళు లేరు.

మళ్ళీ రాశాను. ఈసారి డాక్టరు సర్టిఫికెట్టు జత చేశాను. శ్రవణమనగా వినుట అయినందున, వినుట నిషిద్ధమైనందున, ప్రస్తుతం చేయగలిగినది లేదని జవాబు. ఆ కాగితం చదివి స్టాఫ్‌రూములో అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి బాపు ముఖం చూశాక నవ్వు రాలేదు. నేను బస్సు దిగి ఇంట్లో అడుగు పెట్టగానే ఆయన కళ్ళతోనే అడిగేవాడు, ఏమైందని. కొన్నాళ్ళకు అడగడం మానేశాడు. అది నాకు ఇంకా కష్టంగా ఉండేది.

ఆ బోర్డు గురించి నేను చాలా ఆలోచించాను. ఎప్పుడో ఎవరో పెద్ద దొరలు గుడి ముందు గ్రామఫోను పెట్టి చిందులు వేసి ఉంటారు. అది చూసి మనసు నొచ్చుకున్న మనిషి ఒకరు ఆ నిబంధన రాసి ఉంటారు. ఇక్కడ నిశ్శబ్దం ఉండాలి, వచ్చినవాళ్ళు చల్లగా నిలబడి చూసిపోవాలి అని. ఆ మనిషి ఉద్దేశం మంచిదే. రాసే రోజున ఆయనకు తెలిసిన యంత్రాలు కొన్నే. మనిషికి వినపడనిదాన్ని వినిపించే యంత్రం ఒకటి వస్తుందని ఆయన ఎలా ఊహిస్తాడు? తప్పు ఆయనది కాదు. తర్వాత వచ్చినవాళ్ళదే. కొత్త వస్తువు ఎదురైన ప్రతిసారీ అది ఏమిటి అని అడగకుండా, పాత జాబితాలో దేనికి దగ్గరగా ఉందో వెతికారు. ఏనుగును కూడా అలాగే ఉంచేశారు. ఏనుగు ఎప్పుడూ రాలేదు గనక దాని గురించి ఎవరూ అర్జీ పెట్టలేదు.

బాపు రిటైరయ్యాడు. ఇళ్ళల్లోకి టీవీలు వచ్చాయి. రేడియో లైసెన్సు ఎత్తేశారు. పెళ్ళిళ్ళలో వీడియో తీసేవాళ్ళు లైట్లు పట్టుకుని అన్నం తినేవాళ్ళ నోళ్ళ మీదికి వచ్చేవారు. ఎనభైల చివర్లో మా స్కూలు పిల్లలను విహారయాత్రకు ఆ గుడికే తీసుకుపోయారు. నాతోపాటు పనిచేసే టీచరు తిరిగొచ్చి, "అక్కా, బోర్డు మార్చిన్రు. రేడియో లేదు, గీడియో లేదు. పోరలు టేప్ రికార్డర్లు పట్టుకొని తిరుగుతాండ్రు" అన్నది. ఆ వారమే మేం ముగ్గురం బస్సెక్కాం.

గేటు దగ్గర పాత కాపలాదారే ఉన్నాడు. జుట్టు తెల్లబడింది. బాపు మెడలో తోలు సంచీ చూసి ఆనవాలు పట్టి లేచి నిలబడ్డాడు. "పో పెద్దయ్యా, ఇప్పుడు పెట్టుకొనే పో. అప్పటి సారు బదిలైండు." బోర్డు కొత్తది, ఏనుగులు కూడా పోయాయి. బాపు చిన్న చక్రాన్ని తిప్పి చూసుకున్నాడు. చొక్కా గుండీ సరిచేసుకున్నాడు. పెళ్ళికి పోయేటట్టు తయారయ్యే వచ్చాడు ఆ రోజు.

మండపంలో ఆ మూలకు పోయి ముగ్గురమూ ఆగిపోయాం. స్తంభం చుట్టూ కర్రల కంచె కట్టారు. దానికి ఒక రేకు ముక్క వేలాడుతోంది. తాకరాదు, తట్టరాదు.

నా నెత్తురంతా తలకెక్కింది. కంచె దాటడానికి కాలు ఎత్తాను కూడా. అప్పుడు కడ్డీలు కనిపించాయి. ఒకటి మధ్యకు విరిగిపోయింది. మిగతావాటి మీద తెల్లటి గాట్లు. వచ్చినవాళ్ళు గోళ్ళతో తృప్తిపడక తాళంచెవులతో, రాళ్ళతో కొట్టినట్టున్నారు. కంచె కట్టినవాళ్ళను తిట్టడానికి నోరు తెరిచి, మూసుకున్నాను. ఈసారి రాసిన నిబంధనలో తప్పేమీ లేదు. మాకు మాత్రం రెండోసారి అడ్డొచ్చింది.

మా వెనకే వచ్చిన కాపలాదారు గొంతు తగ్గించి అన్నాడు: "అవ్వా, నేను అటు మర్రి నిలబడ్త. ఒక్క తాప మెల్లగ కొట్టుకో. ఎవ్వలు సూడరు." అన్నట్టుగానే అటు తిరిగి, చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాడు.

అమ్మ కంచె మధ్యనుంచి చేయి పోనిచ్చింది. ఆమె వేళ్ళు రాయి దాకా పోయాయి. తెల్లటి గాటు ఒకదాన్ని తడిమి చూశాయి. దెబ్బ తగిలిన పిల్లవాడి ఒళ్ళు తడిమినట్టు తడిమి, చేయి వెనక్కి తీసుకుంది.

"మస్తు మంది కొట్టిన్రు దీన్ని. ఇగ నేను గూడనా?" అన్నది.

బాపు ముఖం చూడలేక నేను పక్కకు తిరిగాను. సరే పోదామన్నట్టు ఆయన చేయి ఊపాడు. అప్పుడు అమ్మ "ఆగు" అన్నది. ఆయనకు దగ్గరగా వచ్చి, మెడలోని తోలు సంచీని రెండు చేతులతో పట్టుకుని కొంచెం పైకెత్తింది. బాపు అలవాటుగా ఆమె నోటికేసి చూశాడు. అమ్మ కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ ఆ సారు గదిలో లాగే. ఈసారి ఆ కళ్ళలో బెదురు లేదు.

కొంగు వెనకనుంచి ఒక చప్పుడు వచ్చింది. అమ్మ పాడగా నేనెప్పుడూ వినలేదు. జోల కూడా మాకు నానమ్మే పాడేది. సన్నగా మొదలైంది. సాగింది. రాతిది అలాగే ఉండేదేమో నాకు తెలియదు, మా ముగ్గురిలో దాన్ని విన్నది ఆమె ఒక్కతే. అన్నేళ్ళుగా ఎక్కడ దాచుకుందో, ఎన్నిసార్లు లోపల లోపల మళ్ళీ విన్నదో, ఒక్క వణుకు లేకుండా తీసింది. బాపు మొదట కొంగుకేసే చూస్తూ ఉన్నాడు. అక్కడ చదువుకోవడానికి ఏమీ లేదు. తర్వాత కళ్ళు మూసుకున్నాడు. ఎదుటి మనిషి మాట్లాడుతుండగా బాపు కళ్ళు మూసుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. కళ్ళు మూస్తే ఆయనకు లోకమే ఉండేది కాదు మరి.

చప్పుడు ఎక్కడ ఆగిందో నాకూ తెలియలేదు. గబ్బిలాలు ఏవో కిచకిచమన్నాయి. బాపు కళ్ళు తెరిచాడు. చెంపలు తడిసి ఉన్నాయి.

"ఇనబడ్డది" అన్నాడు.

అమ్మ కొంగు దించి, ఆయన ముఖంలోకి కాసేపు చూసింది.

"ఈ తాప నమ్ముత" అన్నది.